ఉయ్యాల మీది చదువు

మా పెద్దనాయన ఇంటి నడవలో ఒక టేకు ఉయ్యాల బల్ల ఉండేది. సగం ఆళ్ళగడ్డ దాని మీద కూర్చుని మిగతా సగం ఆళ్ళగడ్డను ఎగతాళి చేయగలిగేంత వెడల్పు. దానికి ఇత్తడి గొలుసులు. అవి కిర్రుమంటే ఆమడ దూరంలోని సిరివెళ్ళలో కోళ్ళు లేచేవి. ఈ కొలతలు కాస్త పెంచి చెబుతున్నానని అనుమానించే వారికి ఒక్క మాట: ఆ ఉయ్యాలను నేను రెండిళ్ళకూ మధ్యనున్న గోడ మీదుగా చూసేవాణ్ణి. గోడ మీదుగా చూస్తే ఏ వస్తువైనా అంతే ఉంటుంది.

ఆ ఉయ్యాల మీద కూర్చుని మా పెద్దనాయన కొడుకు చదువుకునేవాడు. నాకంటే కొన్ని నెలలు పెద్ద. ఆ కొన్ని నెలల పాపానికి వాణ్ణి జీవితాంతం ‘అన్నా’ అని పిలవాల్సి వచ్చింది. వాడికి చిన్నప్పుడు ఒక జ్వరం వచ్చి పోయింది. అందరికీ వచ్చేదే. నాకూ వచ్చింది, నాది వచ్చినట్టు మా ఇంట్లో ఎవరూ గమనించలేదు. వాడికి వచ్చినప్పుడు మాత్రం మా పెద్దమ్మ అహోబిలం నరసింహస్వామికి ఏం మొక్కుకుందో ఏమో, జ్వరం తగ్గాక పిల్లవాణ్ణి గడప దాటించనంది. “బడిలో గాలి మంచిది కాదు. ఊరి పిల్లోళ్ళందరూ ఆడనే తుమ్ముతారు” అంది. బడి వాడి దగ్గరికి నడిచి రావాల్సి వచ్చింది.

ఆ బడి తెల్లటి పంచె కట్టుకుని, నుదుటి నిండా నామం పెట్టుకుని, అహోబిలం నుంచి వచ్చింది. పండిత కుటుంబపు పెద్దాయన. మేమందరం ‘స్వామీ’ అనేవాళ్ళం. వారంలో ఎక్కువ రోజులు పెద్దనాయన ఇంట్లోనే ఉండేవారు. ఆయన ఉయ్యాల పక్కన పీట వేసుకుని కూర్చుని కాలి బొటనవేలితో ఉయ్యాలను మెల్లగా తోసేవారు. ఉయ్యాల ముందుకు పోతే అన్న “పదమూడు రెండ్ల” అనేవాడు. వెనక్కి వస్తే “ఇరవై ఆరు” అనేవాడు. మధ్యలో పెద్దమ్మ వచ్చి నోట్లో వేయించిన చెనిక్కాయలు పెట్టేది. కాసేపటికి వెన్న తీయని పాలు. ఇంకాసేపటికి పాకం ఉండ. స్వామి ఎప్పుడూ గొంతు పెంచలేదు. “తప్పు పోయింది నాయనా, పోనీలే, మళ్ళీ రా” అనేవారు, తప్పిపోయిన లేగదూడను పిలిచినట్టు.

ఇక నా బడి సంగతి. ఊరి బోర్డు స్కూలు ఒకే పెద్ద గది. అందులో మూడు తరగతులు, ఒక అయ్యవారు, ఒక బెత్తం. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కాబట్టి కాగితం దొరికేది కాదు, సుద్ద దొరికేది కాదు, కిరసనాయిలు దొరికేది కాదు. బెత్తానికి మాత్రం ఏ కరువూ రాలేదు. నల్లమల అడవి మొత్తం మా అయ్యవారి కోసమే పెరుగుతున్నదని నేను చాలా కాలం నమ్మాను. వేసవిలో రేకుల కింద మా బుర్రలు ఉడికి, పలకల మీద రాసిన అక్షరాలు ఆవిరయ్యేవి. వానాకాలంలో పైకప్పు నుంచి కారే నీళ్ళలో మూడో తరగతి రెండో తరగతిలోకి కొట్టుకొచ్చేది.

ఎక్కాలు చెప్పించడానికి అయ్యవారికి ఒక పద్ధతి ఉండేది. పిల్లలను రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. కిటికీ వైపు వరస అడగాలి, గోడ వైపు వరస చెప్పాలి. వాళ్ళు “పదమూడు మూళ్ళ?” అని అరిస్తే మేము “ముప్పై తొమ్మిది!” అని అరవాలి. వాళ్ళ అరుపు ఆగకముందే మా అరుపు అందుకోవాలి, అదీ మా వరస పరువు. ఈ లోపల అయ్యవారు కళ్ళు మూసుకుని గొంతుకు విశ్రాంతి ఇచ్చుకునేవారు. నేను బడిలో చేరిన నాడు గోడ పక్కన చోటు దొరికింది. అంతే, చదువంతా గోడ పక్కనే జరిగింది. వరస మారాలన్న ఆలోచన అయ్యవారికీ రాలేదు, మాకూ రాలేదు.

ఇదంతా భరించేవాణ్ణేమో, గోడకు అవతల ఆ పాకం ఉండలు లేకపోతే. బడి నుంచి వాచిన అరచేతితో ఇంటికొచ్చి గోడెక్కితే, అన్న అప్పుడే చదువు అయిపోయి స్వామి చెబుతున్న కథ వింటూ, ఏనుగు మీద ఊరేగుతున్న రాజు మాదిరి ఊగుతుండేవాడు. నన్ను చూసి, “ఏం రా, బడి యా మాదిరి ఉండాది? ఈ పొద్దు ఎవురు ఎవుర్ని కొట్టినారు?” అని అడిగేవాడు. నన్ను వెక్కిరించడానికే అడుగుతున్నాడని నాకు తెలుసు. ఆ ఆత్రం, ఆ మెరిసే కళ్ళు, అదంతా నటన అనుకున్నాను.

ఒక రోజు అన్నం ముందు కూర్చుని నేను ఇక బడికి పోనని చెప్పేశాను.

“ఎందుకు పోవు?” అన్నాడు నాయన.

“నేనూ ఉయ్యాల మీదే చదువుకుంటా. స్వామి ఒకనికి చెప్పేది ఇద్దరికి చెప్తే ఏం పోతాది?”

మా అమ్మ చేతిలోని గరిటె గాలిలో ఆగింది. “నువ్వు పొద్దంతా ఇంట్లో ఉంటావా? బడి పెట్టింది పిల్లోళ్ళకు చదువు రావల్లని కాదప్పా, తల్లులకు ఇల్లు దక్కల్లని. ఆ పక్క మా అక్కను చూడు. చదువు జరుగుతాండాదని మిరప్పొడి దంచకూడదు, గిన్నె కడగకూడదు, తుమ్మొస్తే పెరట్లోకి పోవల్ల. ఆయమ్మ గట్టిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో!”

పెద్దమ్మకు మాత్రం అది కష్టంగా ఉండేది కాదు. కొడుకు కంటి ముందు ఉంటే చాలు, ఆమె సైగలతో సంసారం చేసేయగలదు. కష్టమంతా పెద్దనాయనది. ఆయన గొంతు సహజంగా సంతలో పనికొచ్చే గొంతు. చదువు వేళ ఇంట్లో మాట్లాడకూడదని అంగడికి పోయి, అక్కడ అవసరం లేకపోయినా అరిచి వచ్చేవాడు.

నేను మూడు పూటలు అన్నం మానేశాను. రహస్యంగా బొరుగులు తిన్నాను కాబట్టి అవి ఉపవాసాలుగా చరిత్రకు ఎక్కవు. కానీ గోల మాత్రం రెండిళ్ళకూ పాకింది. చివరికి నాయన, పెద్దనాయన మాట్లాడుకుని, సంగతి నంద్యాలలో ఉన్న మా జేజినాయన తేల్చాలన్నారు. నాయనకు నాయన. నంద్యాల బజారులో పెద్ద కిరాణా అంగడి. ఆళ్ళగడ్డ అంగడి దానికి పిల్ల అంగడి. ఆయన మాటంటే మాకు గవర్నరు మాట కంటే ఎక్కువ. గవర్నరు మాట మాకెప్పుడూ వినబడలేదు కూడా.

షరతు నాయన తేటగా చెప్పాడు. “జేజినాయన ఇద్దర్నీ అడుగుతాడు. ఇంటి చదువు గెలిచిందా, నువ్వూ పోయి ఆ ఉయ్యాల మీద కూచో. బడి గెలిచిందా, నోరు మూసుకుని బడికి పో. వాడూ బడికి వస్తాడు.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎంత ఆలోచించినా ఒకటే తేలింది. ఉయ్యాల నాకు దక్కాలంటే అన్న గెలవాలి. నేను ఓడిపోవాలి. పాకం ఉండలు తినేవాడి చేతిలో ఓడిపోవడం! అయినా సరే, ఉయ్యాల కోసం ఏమైనా చేస్తాననుకున్నాను. జేజినాయన ఏమడిగినా నోరు తెరవకూడదని తీర్మానించుకున్నాను.

నంద్యాలకు బొగ్గు బస్సులో పోయాం. యుద్ధం వల్ల పెట్రోలు లేక బస్సు వెనకాల ఒక పొయ్యి బిగించి, బొగ్గులు మండించి నడిపేవాళ్ళు. అన్నకు జ్వరం వచ్చిన చరిత్ర ఉంది కాబట్టి డ్రైవరు పక్కన ముందు సీటు, గాలి, పెద్దమ్మ ఒడి. నాకు జ్వరం వచ్చిన చరిత్రను ఎవరూ రాయలేదు కాబట్టి వెనక సీటు, పొయ్యి పక్కన. మిట్ట వచ్చిన చోటల్లా మగవాళ్ళందరూ దిగి తోయాలి. దిగి తోసేటప్పుడు నేనూ మగవాణ్ణే అయ్యాను. అన్న కిటికీలోంచి చూస్తూ, “నేనూ దిగి తోస్తానమ్మా” అన్నాడు. “నీ కాళ్ళు ఏం కావల్ల?” అంది పెద్దమ్మ. నా కాళ్ళు ఏమవుతాయని ఎవరూ అడగలేదు. నంద్యాలలో దిగేసరికి నేను బొగ్గుబస్తాలో నుంచి తీసిన పిల్లవాడిలా ఉన్నాను. జేజినాయన అన్నను గుండెకు హత్తుకుని, నా వైపు చూసి, “ఈ హమాలీ పిల్లోడు ఎవురప్పా?” అన్నాడు.

“నీ మనవడే నాయనా” అన్నాడు మా నాయన.

“అట్లనా. కడుక్కోని రమ్మను.”

మరుసటి రోజు అంగడిలోనే పరీక్ష. జేజినాయన గద్దె మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. చుట్టూ బెల్లం బస్తాలు, మిరపకాయల ఘాటు, సరుకు కోసం వచ్చిన పల్లె రైతులు. మా నాయన బడి పక్షాన, పెద్దనాయన ఇంటి చదువు పక్షాన నిలబడ్డారు. కోర్టులో ప్లీడర్లు కూడా అంత బిగుసుకుని నిలబడరు. పెద్దమ్మ అంగడికీ ఇంటికీ మధ్య తలుపు సందులోంచి చూస్తోంది.

“ఏం రా బడి పిల్లోడా, పదమూడో ఎక్కం చెప్పు” అన్నాడు జేజినాయన.

నోరు తెరవకూడదన్న తీర్మానం ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఆయన కళ్ళలోకి చూస్తే రాయి కూడా ఎక్కాలు చెబుతుంది. సరే, తెరిచాను. తెరిచాక తెలిసింది నాకు ఎక్కంలో సగమే వచ్చునని. అడిగే సగం కిటికీ వరస దగ్గర ఉండిపోయింది. నా దగ్గరున్నది చెప్పే సగం.

“పదమూడు! ఇరవై ఆరు! ముప్పై తొమ్మిది! యాభై రెండు!” అని, బడిలో అరిచినట్టే, బజారు అదిరేట్టు అరిచాను.

జేజినాయన దిండు మీంచి లేచాడు. “ఏందీ ఇది? ఎక్కం చెప్పరా అంటే వేలం పాడతాండావా?”

అంగడంతా నవ్వింది. ఒక రైతు మిరపకాయల మీద పడి నవ్వి, తుమ్మి, మళ్ళీ నవ్వాడు. మా నాయన నేల చూశాడు. నాకు మాత్రం లోపల పండుగ. అబద్ధం ఆడకుండా, ప్రయత్నమే చేయకుండా ఓడిపోయాను! ఉయ్యాల గొలుసులు నా చెవుల్లో కిర్రుమన్నాయి.

“ఇప్పుడు నువ్వు చెప్పు నాయనా” అన్నాడు జేజినాయన, అన్నతో. గొంతులో అప్పుడే బెల్లం.

అన్న నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. కుడికాలు నేలను రాస్తోంది, దేనికోసమో వెతుకుతున్నట్టు. ముందుకు వంగాడు, వెనక్కి వంగాడు. పెదాలు కదిలాయి, శబ్దం లేదు.

“ఏమప్పా, రాదా?” అన్నాడు జేజినాయన.

“వస్తాది జేజినాయనా. కానీ... ఉయ్యాల యాడుంది?”

వీడు ఓడిపోతే నా గతేం కాను? బడి గెలవకపోయినా ఇంటి చదువు ఓడిపోతుంది, నన్ను మళ్ళీ గోడ పక్కకు తోలతారు. ఎవరూ నోరు తెరవకముందే నేనే అరిచాను: “జేజినాయనా, వానికి ఊగితే కానీ రాదు! ఆ కాటా మీద కూచోబెట్టండి!”

బస్తాలు తూచే పెద్ద కాటా అది. దూలానికి వేలాడుతూ రెండు చెక్క పలకలు, గొలుసులు. జేజినాయన నన్ను ఒక చూపు చూసి హమాలీకి సైగ చేశాడు. హమాలీ అన్నను ఎత్తి ఒక పలక మీద కూర్చోబెట్టి, సమంగా ఉండటానికి అవతలి పలక మీద బెల్లం దిమ్మలు పెట్టి, మెల్లగా తోశాడు.

ఇక చూడాలి! పలక ముందుకు పోయింది: “పదమూడు ఒకట్ల.” వెనక్కి వచ్చింది: “పదమూడు.” గొలుసు కిర్రుమన్న కొద్దీ వాడి నోట్లోంచి ఎక్కాలు వానలా కురిశాయి. పదమూడు అయిపోయింది. సందు చివర బేరాలు ఆగాయి. బండి ఎద్దులు మెడలు తిప్పి చూశాయి. మహానందిలో పూజారి గంట ఆపి విన్నాడని కూడా చెబుదును కానీ, అంత దూరం నేను చూడలేదు.

జేజినాయన దగ్గరకొచ్చి, భుజం మీది ఉత్తరీయంతో వాడి చెమట తుడిచి, గుప్పెడు ఖర్జూరాలు వాడి ఒళ్ళో పోశాడు. “సరస్వతి రా వీడు! మా వంశానికి వీడొక్కడు చాలు. పద్నాలుగు కూడా చెప్పు నాయనా, అందరూ వినల్ల!”

ఉయ్యాల నాకు జానెడు దూరంలో ఉంది. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని ఉండటం. చెడ్డ పని కాదు, కష్టమైన పని కూడా కాదు. పద్నాలుగో ఎక్కం అయిపోయేదాకా అంతే. కానీ ఆ ఖర్జూరాలు, ఆ ఉత్తరీయం, ఆ ‘ఒక్కడు చాలు’! నేను అంగడిలో ఉండగా, బతికుండగా, ఒక్కడు చాలట! నా కడుపులో మిరపబస్తాలన్నీ ఒకేసారి అంటుకున్నాయి.

పలక ముందుకు వచ్చింది. “పద్నాలుగు ఆర్ల” అన్నాడు అన్న.

“ఎనభై నాలుగు!” అని అరిచాను నేను, పలక వెనక్కి పోకముందే.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. “గమ్మునుండు రా!”

“పద్నాలుగు ఏళ్ళ” అన్నాడు అన్న, నా వైపు చూస్తూ.

“తొంభై ఎనిమిది!”

వాడి మొహం చూసి నేను కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. ఏడవాలని కోరుకున్నాను. వాడు నవ్వాడు. ఇంకా గట్టిగా కాలితో తోసుకుని, “పద్నాలుగు ఎనిమిదుల!” అని మొదటిసారి అరిచాడు. స్వామి దగ్గర ఎన్నడూ అరవని పిల్లవాడు. “నూట పన్నెండు!” అని నేను. “పద్నాలుగు తొమ్మిదుల!” అని వాడు. “నూట ఇరవై ఆరు!” పదిహేనో ఎక్కానికి మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమే పోయాం. రైతులు తాళం వేశారు. కాటా దూలం ఊగి, అవతలి పలక మీది బెల్లం దిమ్మలు దొర్లి కిందపడ్డాయి. అన్న పలకతో సహా నేలకు తగిలాడు. పెద్దమ్మ అంగడిలోకి పరిగెత్తుకొచ్చింది.

అన్నకు దెబ్బ తగల్లేదు. కింద కూర్చునే ఉన్నాడు, ఆయాసపడుతూ, పళ్ళన్నీ బయటపెట్టి.

“ఏమప్పా, నువ్వు చెప్పాల్సింది వాడు లాక్కుంటే నీకు రోషం ల్యాదా?” అన్నాడు జేజినాయన.

“శానా బాగుండాది జేజినాయనా” అన్నాడు అన్న. “ఇంట్లో నేను అడిగినా నేనే చెప్పల్ల. నాకు తప్పొచ్చినా నేనే, ఒప్పొచ్చినా నేనే. వీడు గోడ మీదికొచ్చి బడి సంగతులు చెప్తాడని పొద్దంతా ఎదురు చూస్తాంటా. వీడు ఊరికే కొంచెం చెప్పి దిగిపోతాడు. నేనూ బడికి పోతా.”

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆడ కొడతారు రా” అంది.

“ఎవుర్నన్నా ఒక్కర్నే కొట్టరు కదమ్మా.”

జేజినాయన మీసం దువ్వాడు. “సగం చదువు ఒకని దగ్గర ఉండాది, సగం ఇంకొకని దగ్గర ఉండాది. ఇద్దరూ ఒక చోటే ఉండల్ల” అన్నాడు. నా గుండె ఎగిరింది. ఒక చోటంటే ఉయ్యాల మీదే! ఆయన మా పెద్దనాయన వైపు తిరిగాడు. “పిల్లోన్ని బడికి తోలు.”

నేను అక్కడే, బెల్లం దిమ్మల మధ్య, గట్టిగా ఏడ్చేశాను.

“చూడండప్పా, అన్న బడికొస్తాండాడని ఎంత సంతోషమో” అన్నాడు మిరపకాయల రైతు. జేజినాయన కరిగిపోయి నాకూ రెండు ఖర్జూరాలు ఇచ్చాడు. గుప్పెడు కాదు, రెండు.

ఆళ్ళగడ్డకు తిరిగొచ్చాక స్వామికి సంగతి చెప్పినప్పుడు, ఆయన నొచ్చుకుంటారని అందరం భయపడ్డాం. ఆయన విశ్రాంతిగా కాళ్ళు చాపుకుని, “మంచి పని చేసినారు. ఒక్క పిల్లవాడి మొహం నేనూ, నా మొహం వాడూ పొద్దంతా చూసుకునే సరికి ఇద్దరికీ ముసలితనం వచ్చింది” అని అహోబిలం వెళ్ళిపోయారు. మా అమ్మ ఊపిరి పీల్చుకుంది. పెద్దనాయన ఆ సాయంత్రం సొంత ఇంట్లో నిలబడి, ఏ కారణమూ లేకుండా, గొంతు చించుకుని అరిచి చూసుకున్నాడు.

పిల్లలకు ఇంటి చదువు బాగుంటుందా, బడి చదువు బాగుంటుందా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. నేనెరిగినంతలో, పక్కింటి పిల్లవాడు చదివేదే బాగుంటుంది. ఇది మా అన్నకూ వర్తిస్తుందని ఒప్పుకోవడానికి మాత్రం నాకు ఇన్నేళ్ళు పట్టింది, ఇప్పుడూ మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం లేదు.

బడిలో మొదటి రోజే అన్న పక్కవాడితో మాట్లాడి దొరికిపోయాడు. ఒక దెబ్బ పడింది. వాడు ఆ అరచేతిని జెండాలా ముందు పెట్టుకుని బజారంతా నడిచాడు. “మా అయ్యవారు కొట్టినాడు!” అని కనబడిన వాళ్ళందరికీ చెప్పాడు. మా అయ్యవారట! ఇన్నేళ్ళుగా నా అరచేతులు తిన్న అయ్యవారు ఒక్క పూటలో వాడి అయ్యవారు అయిపోయారు. పెద్దమ్మ దీపం ముందు కూర్చోబెట్టి వెన్న రాసింది. వీధి ఆడవాళ్ళందరూ చూడటానికి వచ్చారు. చివరికి మా అమ్మ కూడా వెళ్ళింది. నేను నా చెయ్యి కూడా ఆ దీపం వెలుగులో పెట్టాను.

అన్న దాన్ని పరిశీలనగా చూసి, “వానిది పాతదమ్మా” అన్నాడు.

మరునాడు కొత్తది సంపాదించాలనే బయలుదేరాను. పక్కవాణ్ణి గిల్లాను. పలక కింద పడేశాను. కిటికీ వరస అడగకముందే జవాబు అరిచాను. అయ్యవారు నా వైపు చూడనే లేదు. ఆయన ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా, అడగటమూ చెప్పటమూ రెండూ వచ్చిన పిల్లవాడు దొరికాడు. అన్న ముందుకూ వెనక్కూ ఊగుతూ పదహారో ఎక్కం ఒప్పజెబుతుంటే ఆయన బెత్తం పక్కన పెట్టి, తల ఆడిస్తూ, కళ్ళు తెరిచి మరీ వింటున్నారు. నేను లేచి వెళ్ళి ఆయన ముందు చెయ్యి చాపి నిలబడ్డాను.

“చెయ్యెందుకు చాపినావ్ రా? నిన్నెవురు పిలిచినారు? పోయి కూచో.”

వెళ్ళి గోడ పక్కన కూర్చున్నాను.